మేరీరాణి హస్తవాసి

మే నెలలో, అదీ కోల్‌కతాలో, మంకీ క్యాపు పెట్టుకుని తిరిగే మనిషిని చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. నాకూ వచ్చింది. ఆ ల్యాబ్‌లో నాకది మొదటి రోజు. బయట తారు రోడ్డుకి చెప్పులు అంటుకుపోతున్నాయి. వరండా చివర కోల్డ్ రూమ్ తలుపు బరువుగా తెరుచుకుని, స్వెట్టరు, మఫ్లరు, ఖాకీ రంగు మంకీ క్యాపుతో ఒక సన్నటి అమ్మాయి బయటికొచ్చింది. కళ్లజోడంతా ఆవిరి పట్టేసి ఎదురుగా ఎవరున్నారో తెలియక, గోడ పట్టుకుని నిలబడి "కే?" అంది బెంగాలీలో.

"మనవాళ్లేనమ్మా, తెలుగులోనే మాట్లాడు" అన్నారు నా పక్కనున్న సోమయాజులు గారు. ఆ ల్యాబ్ ఆయనది. నావైపు తిరిగి, "మా మేరీరాణి. ఈ ల్యాబ్‌కి ప్రాణం. ఈ అమ్మాయి చేత్తో చేసిన ఎంజైమ్ చావదు. హస్తవాసి అంటే అదీ!" అన్నారు.

హస్తవాసి అన్న మాట డాక్టర్ల గురించి అనగా విన్నాను గానీ ల్యాబ్‌లో వినడం అదే మొదలు. ముచ్చటేసింది. ఆ ముచ్చట తీరడానికి నాకు ఏడాది పట్టింది.

నా గురించి రెండు ముక్కలు చెప్పి పక్కకి తప్పుకుంటాను. నా పేరు ఉదయశ్రీ. మా ఆయనకి బ్యాంకులో బదిలీ అయి కోల్‌కతా వచ్చాం. ఉన్న డాక్టరేటుని బీరువాలో పెట్టుకుని కూర్చోవడమెందుకని ఇక్కడ చేరాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఈ కథ చెబుతున్నంతసేపూ ఉంటుంది.

మేరీరాణి కోల్‌కతా రేవు పక్క వాట్‌గంజ్‌లో పుట్టింది. తాత ఎప్పుడో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి కార్పొరేషన్ పనిలో చేరాడు. తండ్రి సూరన్న ఇప్పటికీ అదే పనిలో ఉన్నాడు, రోడ్లు ఊడుస్తాడు. ఆ మంకీ క్యాపు ఆయనదే. చలికాలం తెల్లవారుజామున డ్యూటీకి ఆయన పెట్టుకుంటాడు, వేసవిలో కూతురు పెట్టుకుంటుంది. చలికాలంలో ఇద్దరికీ ఒకేసారి అవసరం పడి తగువులొస్తుంటే ఇంకోటి కొన్నారట.

ఇక ఎంజైమ్ సంగతి. బ్రెడ్డు పొంగించే ఈస్ట్ ఉంది కదా, అందులో పైరోఫాస్ఫటేజ్ అని ఒక ఎంజైమ్ ఉంటుంది. దాన్ని ఈస్ట్‌లోంచే తీయాలంటే బండెడు చాకిరీ, చారెడు ఫలితం. అందుకని ఆ జన్యువుని ఈస్ట్‌లోంచి తీసి బ్యాక్టీరియాలో పెడతారు. బ్యాక్టీరియా పెరుగుతూ ఆ ఈస్ట్ ఎంజైమ్‌ని బోలెడు చేసిపెడుతుంది. బ్యాక్టీరియాని పగలగొట్టి, చలిగదిలో గంటలకొద్దీ నిలబడి, మిగతా సరుకంతా వడకట్టేసి ఎంజైమ్ ఒక్కటీ పట్టుకోవాలి. ఇది మందు కాదు, తినేదీ కాదు, ల్యాబ్ పనికి మాత్రమే. మాలాంటివాళ్లం గొట్టంలో ఆర్.ఎన్.ఎ. తయారుచేస్తుంటే ఒకరకం చెత్త పేరుకుపోయి పని ఆగిపోతుంది. ఈ ఎంజైమ్ ఆ చెత్తని ఎప్పటికప్పుడు విరగ్గొట్టి దారి తీస్తుంది. మేరీ ఈ సంగతి ఇంట్లో వివరిస్తే సూరన్న, "అయితే అదీ నా డ్యూటీయే సేత్తందన్నమాట" అని నవ్వాడట.

బయట కొనుక్కోవచ్చు. కానీ విదేశం నుంచి తెప్పిస్తే దారిలో ఎక్కడో మగ్గి, ఐసంతా కరిగి, ప్రాణం పోయి చేరేది. మేరీ చేసిందైతే నెలల తరబడి బతికేది. మా ల్యాబ్‌లో ఇద్దరు చేయబోయారు. వారం తిరక్కుండా వాళ్లది చచ్చిపోయింది. అప్పట్నుంచి మా అందరికీ ఎంజైమ్ అంటే మేరీ. పక్క ల్యాబ్‌లవాళ్లు కూడా ఐస్ డబ్బాలు పట్టుకుని వచ్చేవారు. సోమయాజులు గారి చెయ్యి పెద్దది, ఎవరినీ కాదనరు. ఆ చెయ్యి మేరీ చేతుల మీదుగా పెద్దదయిందన్న సంగతి మాత్రం ఆయనకి తట్టేది కాదు.

ఆయన చెడ్డవాడు కాదు. ఆ ముక్క ముందే చెప్పాలి, ఎందుకంటే అదే ఇక్కడ చిక్కు. ఎమ్మెస్సీ చదువుతున్న మేరీని ఏరి కోరి తెచ్చుకున్నది ఆయనే. ఫెలోషిప్ దరఖాస్తు దగ్గర కూర్చుని రాయించారు. ఇంగ్లిషు దిద్దారు. జ్వరమొస్తే ఆయన భార్య రసం చేసి పంపేది. ఎవరైనా అతిథి వస్తే, "వాళ్ల నాన్న రోడ్లు ఊడుస్తాడండీ. ఈ పిల్ల ఎక్కడికొచ్చిందో చూడండి!" అని పొంగిపోయేవారు. మేరీ ఆ క్షణంలో నేలవైపు చూసేది. నాకు ఒళ్లు మండేది. ఆమె మాత్రం, "సార్ మంచోరక్కా. ఆరు లేకపోతే నానెక్కడ?" అనేది.

అలా అంటూ అంటూనే ఏడో ఏడు వచ్చింది. తనతో చేరినవాళ్లు థీసిస్‌లు ఇచ్చేసి వెళ్లిపోయారు. మేరీ థీసిస్ ముప్పాతిక పూర్తయి అలాగే ఉంది. రాయడానికి కూర్చున్న ప్రతిసారీ ఎవరికో ఎంజైమ్ అయిపోయేది, సార్ తలుపు దగ్గర నిలబడి, "ఈ ఒక్క బ్యాచ్ చేసిపెట్టు తల్లీ" అనేవారు. టికియాపారాలో ఆమె పిన్ని కొడుకు పెళ్లి. హుగ్లీ దాటితే చాలు. పెళ్లికూతురు చర్చిలోకి నడిచొచ్చే వేళకి మేరీ కోల్డ్ రూమ్‌లో గొట్టంలోంచి ఎంజైమ్ చుక్కలు రాలడం చూస్తూ నిలబడి ఉంది.

"ఆ తలుపు లోపల్నుంచి తీసుకోవచ్చక్కా. బొత్తాం నొక్కితే సాలు. అయినా నాకు అందులో ఊపిరాడదు" అంది ఒకసారి.

పోయిన ఏప్రిల్‌లో హైదరాబాద్‌లో ఒక కంపెనీ ఆమెకి ఉద్యోగం ఇస్తామంది. పెద్ద ల్యాబ్, సొంత జట్టు. వాళ్లు పెట్టిన షరతు ఒక్కటే, ఆగస్టులోగా థీసిస్ సమర్పించి రావాలి. గైడు సంతకం లేనిదే థీసిస్ కదలదు. మేరీ సార్ గదిలోకి వెళ్లడానికి రెండు రోజులు ధైర్యం కూడగట్టుకుంది. తోడుగా నన్ను తీసుకెళ్లింది.

సార్ సంతోషించారు. నిజంగానే. "వెళ్లాలమ్మా, వెళ్లి తీరాలి! నేనెందుకు ఆపుతాను?" అని లేచి ఆమె తల మీద చెయ్యి పెట్టారు. "ఒక్క చిన్న పని. అభిజిత్‌కి ఎంజైమ్ చేయడం నేర్పు. వాడి బ్యాచ్ నిలబడిన రోజే సంతకం పెడతాను. ల్యాబ్‌ని గాలికొదిలేసి పోవు కదా నువ్వు?"

న్యాయమైన మాటే. అభిజిత్ రెండో ఏడు కుర్రాడు, బుద్ధిమంతుడు. మేరీ అతన్ని పక్కనే నిలబెట్టుకుని ప్రతిదీ చూపించింది. తర్వాత తన చేతులు రెండూ స్వెట్టరు జేబుల్లో పెట్టుకుని, తాకకుండా, అతని చేతే చేయించింది. ఎంజైమ్ దిగింది. అభిజిత్ మురిసిపోయాడు. వారానికి అది చచ్చింది. మళ్లీ చేయించింది. మళ్లీ చచ్చింది. జూన్ వచ్చేసింది, వానలు మొదలయ్యాయి, మూడోదీ చచ్చింది.

"కీ భుల్ కొర్‌ఛీ, మేరీదీ?" అని అడిగాడు అభిజిత్, ఏం తప్పు చేస్తున్నానక్కా అని. వరండాలో మాటలు బయల్దేరాయి. మేరీ ఏదో దాస్తోందని, తన అవసరం తీరిపోతే ఎవరూ పలకరించరని భయమని. ఆ మాట చెవిన పడిన రోజు మేరీ బాత్రూమ్‌లోంచి ఎర్రటి కళ్లతో వచ్చింది.

"నానేటైనా దాస్తున్నానా అక్కా? నాకే తెలీకుండా?"

సార్ ఆమెని ఓదార్చారు. "వాళ్ల మాటలకేం గానీ... హస్తవాసి నేర్పితే వచ్చేదా తల్లీ? వాడికి లేదు, అంతే" అన్నారు. అప్పుడర్థమైంది నాకు ఆ మాట ఎంత గట్టి తాళమో. పని అయితే నేర్పవచ్చు. హస్తవాసిని ఎవరికి అప్పగించి పోతుంది?

ఆ ఆదివారం మేరీ నన్ను భోజనానికి పిలిచింది. వాట్‌గంజ్‌లో రేవు గోడ పక్కన సందు, రెండు గదుల ఇల్లు. సూరన్న డ్యూటీలో ఉన్నాడు. వాళ్ల మామ్మ సన్యాసమ్మ వడ్డించింది. ఆవిడ పేరు పాతది, యేసుని నమ్ముకున్నది తర్వాత. పేరెందుకు మార్చుకోలేదంటే, "దేవుడికి నా పేరుతో ఏటి పని?" అంది.

చేపల పులుసు అయ్యాక పెరుగు గిన్నె తెచ్చింది. వడ్డించే ముందు చెంచాతో కాస్త తీసి చిన్న గిన్నెలో వేసి పక్కన పెట్టింది.

"ఈ ఊళ్లో పెరుగుని తియ్యగా సేసి పాడు సేత్తారమ్మా" అంది నాతో. "అందుకే నా తోడు నాను ఒగ్గను. నాను కాపరానికి వచ్చినప్పుడు మా యత్త ఇచ్చింది. అప్పట్నుంచీ ఇదే. తెగనివ్వలేదు. మా ఈదిలో ఎంతమందో తోడెట్టుకుంటారు, ఒక్కరికీ ఇలగ గడ్డగా రాదు. నా సెయ్యి మంచిదంటారు."

మేరీ నోటి దగ్గరకి వచ్చిన ముద్ద ఆగిపోయింది.

"ఆళ్లకి నీ తోడిచ్చావా మామ్మా?"

"ఎందుకిత్తాను? అడగనిదే!"

మేరీ నావైపు తిరిగింది. "అక్కా, నాను బ్యాచ్ ఎలా మొదలెడతానో తెలుసా? వెనకటి బ్యాచ్‌లోంచి కొంచెం బ్యాక్టీరియా తీసి ఉంచుతాను. దాంతో."

నేను ఎడమచేత్తో నెత్తి కొట్టుకున్నాను. మా వృత్తిలో మొదటిరోజు చెప్పే నియమం ఇది. ప్రతి బ్యాచ్ మైనస్ ఎనభై ఫ్రీజర్‌లో దాచిన అసలు విత్తనం నుంచే మొదలవ్వాలి. ఎందుకంటే బ్యాక్టీరియా తరాల తరబడి పెరుగుతూ పోతే మెల్లిగా మారిపోతుంది. మేరీ చేరిన కొత్తలో ఆ ఫ్రీజర్ డబ్బా తాళం ఒక సీనియర్ దగ్గర ఉండేదట. అడిగితే కసురుకునేవాడట. ఆ కసురుకి భయపడి, మొదటి బ్యాచ్‌లోంచి కొంచెం ఉంచుకుంది, పెరుగుకి ఉంచినట్టు. పని జరిగింది. అదే అలవాటైపోయింది. అభిజిత్ మాత్రం నియమం ప్రకారం ముందురోజే ఫ్రీజర్‌లోంచి విత్తనం తీసి వేసేవాడు. మేరీ నేర్పడం మర్నాటి నుంచి మొదలయ్యేది. ఆ ఒక్క నిమిషం పనిని ఎవరూ పనిగా లెక్కపెట్టలేదు.

సోమవారం మేరీ తను ఉంచుకున్న బ్యాక్టీరియా ప్లేటులోంచి అభిజిత్‌కి కొంచెం ఇచ్చింది. అతను చేశాడు. వారం గడిచింది, ఎంజైమ్ బతికే ఉంది. రెండో వారమూ బతికే ఉంది. "హోయే గెఛే, మేరీదీ!" అని అభిజిత్ కుర్చీ ఎక్కి గెంతాడు, అయిపోయింది అక్కా అని. సార్ ఆ రోజు ఊళ్లో లేరు. ఆయన రాగానే సంతకం పెట్టించుకుని వెళ్లిపోవడమే. నాకు ఆనందంతో కళ్లనీళ్లొచ్చాయి.

కానీ మేరీ ఈలోగా ఇంకో పని చేసింది. తన ప్లేటులోని జన్యువుని అక్షరం అక్షరం చదివించి తెప్పించింది. అందులో ఒక్క అక్షరం మారి ఉంది. ఆ ఒక్క మార్పుతో ఎంజైమ్ గట్టిపడింది, గడ్డకట్టినా కరిగినా తట్టుకుంటోంది. హస్తవాసీ లేదు, గిస్తవాసీ లేదు. ఆమె చేస్తున్నది ఈస్ట్ ఎంజైమ్ కాదు, దాని నుంచి తప్పిపుట్టిన మరొకటి.

గేటు బయట టీ కొట్టు దగ్గర మట్టి ముంతలు పట్టుకుని నిలబడ్డాం. "ఎవరికీ చెప్పకు" అన్నాను. "నోరు మూసుకుని సంతకం పెట్టించుకో. హైదరాబాద్ వెళ్లాక తీరిగ్గా ఉత్తరం రాసుకో."

"మూడో అధ్యాయమంతా ఈస్ట్ ఎంజైమ్ ఇలగుంటాది, అలగుంటాది అని కొలిచి రాసినానక్కా. అది ఈస్ట్‌ది కాదని ఇప్పుడు తెలిసిపోనాది కదా."

"ఎవరికి తెలుసు? నీకూ నాకూ."

ఆమె ముంతని రోడ్డు మీద పడేయకుండా తీసుకెళ్లి చెత్తబుట్టలో వేసింది. "మా నాన్న ఊడవని రోడ్డుకి ఊడిసినట్టు ఎప్పుడూ ఏలిముద్ర ఎయ్యలేదక్కా" అంది. నాకు ఆమె మీద చెప్పలేనంత కోపం వచ్చింది. ప్రేమ కూడా వచ్చింది, కానీ కోపమే ముందొచ్చింది.

సార్ వచ్చిన రోజు ఉదయాన్నే చెప్పేసింది. నేను పక్కనే ఉన్నాను. తాళం సంగతి, ఉంచుకున్న ప్లేటు సంగతి, మారిన అక్షరం సంగతి, ఏదీ దాచలేదు. సార్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. మేరీ తిడతారనుకుంది. తర్వాత నాతో చెప్పింది, తిట్టి పొమ్మంటే బాగుణ్ణని ఆ క్షణంలో లోలోపల ప్రార్థన చేసుకుందట. పొమ్మన్నా అదీ పోవడమే కదా.

సార్ లేచి ఆమె రెండు చేతులూ పట్టుకున్నారు. ఆయన కళ్లలో నీళ్లు.

"తప్పంటావేమిటి పిచ్చితల్లీ! ఇది వరం! ఇలాంటి గట్టి ఎంజైమ్ కోసం జనం ఏళ్లకేళ్లు తంటాలు పడతారు. నీకు దానంతటదే దొరికింది" అన్నారు. "పాత పేపర్లలో దిద్దాల్సినవి నేను దిద్దుతాను, ఆ నింద నాది. నువ్వు మూడో అధ్యాయం కొత్తగా రాయి. ఈస్ట్‌దీ కొలిచి, నీదీ కొలిచి, పక్కపక్కన పెట్టు. రెండేళ్లు. రెండేళ్లలో నీ పేరు ఈ ఊరు దాటిపోతుంది."

"సార్, హైదరాబాద్..." అంది మేరీ.

"అది నాకొదిలెయ్. నేనే మాట్లాడతాను." మా ఎదుటే ఫోన్ తీసి ఆ కంపెనీకి కలిపారు. తన శిష్యురాలు గొప్ప సంగతి కనిపెట్టిందనీ, ఈ సమయంలో పని వదిలి రాలేదనీ, పెద్దమనసుతో అర్థం చేసుకోవాలనీ ఎంతో గర్వంగా చెప్పారు. వాళ్లు అభినందనలు చెప్పారట. మర్యాదగల మనుషులు. ఆ ఉద్యోగం ఇంకెవరికో ఇచ్చుకుంటారు.

నేను ఉండబట్టలేకపోయాను. "సార్, ఆ కొలతలు అభిజిత్ కూడా చేయగలడు. విత్తనం ఉంది, పని వచ్చింది. ఈమెని వెళ్లనివ్వండి, ఆ అధ్యాయం తీసేసి మిగతాది ఇమ్మనండి."

సార్ నావైపు బాధగా చూశారు. "ఆ అమ్మాయి ఏడేళ్ల కష్టం వాడి చేతిలో పెట్టమంటావా? ఎవరింటి పనిమనిషి పిల్లకైనా అలాంటి అన్యాయం చేస్తానా ఉదయశ్రీ? ఈ ఎంజైమ్‌కి మేరీ పేరే పెడుతున్నాను. తన పేరున్నదాన్ని తనే కొలవాలి."

ఆయన అబద్ధం ఆడటం లేదు. చెడ్డవాడైతే ఎంత బాగుండేది! నలుగురం కలిసి తిట్టుకునేవాళ్లం, పై అధికారికి చెప్పేవాళ్లం. ఇంత మంచితనం మీద ఎవరికి ఫిర్యాదు చేస్తాం?

మధ్యాహ్నం సందేశ్ మిఠాయి పెట్టె వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. అభిజిత్ కొత్త డబ్బాలకి చీటీలు అచ్చేయించుకొచ్చాడు, వాటి మీద "మేరీ పైరోఫాస్ఫటేజ్" అని. మేరీ సందేశ్ ముక్క చేతిలో పట్టుకుని, తినకుండా, అందరికీ నవ్వు ముఖం చూపిస్తూ నిలబడింది. పక్క ల్యాబ్ నుంచి ఒకావిడ ఐస్ డబ్బాతో అప్పటికే వచ్చేసింది.

ఆగస్టు వెళ్లిపోయాక ఒక ఆదివారం మళ్లీ వాట్‌గంజ్ వెళ్లాను. మేరీ తలుపు తీసి, "రా అక్కా" అని మాత్రం అంది. సన్యాసమ్మ కంచాలు పెడుతూ అడిగింది.

"ఏటే, ఒగ్గేసినారా నిన్ను?"

"లేదు మామ్మా. ఇంకో రెండేళ్లు." మేరీ సంచీలోంచి ఒక చీటీ తీసి చూపించింది. ఆవిడకి చదవడం రాదు కాబట్టి వేలితో చూపిస్తూ చెప్పింది. "నా పేరెట్టినారు దానికి."

సన్యాసమ్మ చీటీని దూరంగా పట్టుకుని చూసింది, దగ్గరగా పట్టుకుని చూసింది. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"మా అయ్య పెయ్యదూడకి పేరెట్టినాడంటే, ఇంక దాన్ని సంతకి తోలడని మాకు తెలిసిపోయేదే" అంది.

"మరేటి సేసేవోడు?" అంది మేరీ.

"ఏటి సేత్తాడు? సచ్చీదాకా పాలు పితుక్కునేవోడు."

ఆ మాట అని చెంచాతో కాస్త తోడు తీసి చిన్న గిన్నెలో వేసి పక్కన పెట్టి, మిగిలిన పెరుగంతా మనవరాలి కంచంలో వేసింది.